మలుపు దగ్గర ఎత్తిన చెయ్యి

ఓడ, నా గది
సోమవారం

అక్కకి,

కంగారు పడకు అని మొదలుపెడితే వెంటనే కంగారు పడతావు కాబట్టి ఆ మాట రాయను. నేను బాగున్నాను. బావ బాగున్నారు. ఓడే బాగాలేదు. రేవులోకి వస్తుంటే కాలవ మలుపు దగ్గర గట్టుకి రాసుకుంది. ఆ విసురుకి ఓడ వెనక భాగం తిరిగి, మా పక్కన వస్తున్న టగ్గుని గట్టుకేసి నొక్కేసింది. టగ్గంటే ఓడల్ని లాగే చిన్న పడవ. ఫొటో చూపిస్తే పొట్టిగా బలంగా ఉంది, నీలాగే అన్నావు చూడు, అదే. అందులో పనిచేసే ఒకతనికి కాలు విరిగింది. మిగతా అందరం క్షేమం.

విచారణ అయ్యేదాకా ఓడ కదలకూడదన్నారు. రేవు మధ్యలో లంగరు వేయించి నిలబెట్టారు. మేమెవరం దిగకూడదు. ఆ రోజు పైన బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, ఉన్నవాళ్ళ ఫోన్లు కూడా పట్టుకెళ్ళారు. ఓడ ఫోను బావ గదిలో ఉంది, ఆయన వారానికోసారి నీకు చేస్తారట. నాకు ఉత్తరాలే గతి. ఇన్నాళ్ళకి నా చేతిరాత చూసి నువ్వు నవ్వుకోవచ్చు.

ఊరు మాత్రం ఎదురుగానే ఉంది. ఒక వీధి నేరుగా నీళ్ళదాకా వచ్చి ఆగిపోతుంది. దాని చివర పళ్ళ దుకాణం. ఒకావిడ పొద్దున్నే దుకాణం ముందు కడిగి, ఆ తడి మీద ఎవరైనా నడిస్తే చీపురెత్తుకుని తిడుతుంది. నాకిప్పుడు అదే కాలక్షేపం. ఇవాళ ఎవరూ నడవలేదు. ఆవిడకీ ఏమీ తోచినట్టు లేదు.

వంటాయన దగ్గర బంగాళాదుంపలు తప్ప కూరగాయలు అయిపోయాయి. మంచినీళ్ళ పడవ రెండు రోజులకోసారి వస్తుంది. స్నానం కూడా రోజు మార్చి రోజే.

విచారణ సంగతి కెప్టెన్‌గా బావే చూసుకుంటారు. నేనూ అక్కడే ఉన్నాననుకో, కానీ థర్డ్ ఆఫీసర్ అంటే అందరికంటే కిందది. నా పని రాడార్ చూడటమే కదా. ఉత్తరాలు బావ గదిలో సంచీలో వేస్తే కంపెనీ ఏజెంటు వచ్చి తీసుకెళ్తాడు. అందుకని ఇంకేమీ రాయను. అంటే, రాయడానికి ఇంకేం లేదు.

నీ పొట్టి


ఇల్లు, వంటింటి బల్ల
ఆదివారం

పొట్టీ,

కంగారు పడకు అని రాయనని రాసి మరీ కంగారు పెట్టడం నీకే చెల్లింది. ఉత్తరం వచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. క్లాసంటే తెలుసుగా, నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటారు, నేను పక్క సీట్లో రెండో బ్రేకు మీద కాలేసుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటాను. వీధి చివర పోస్టతను ఊపిన కవరు చూడగానే కారు పక్కకి తీయించాను. ఆ అమ్మాయి తను తప్పు చేసిందేమోనని ఏడుపు మొహం పెట్టింది.

మా పిల్ల బడిలో ‘మా నాన్న ఓడ గట్టుని గుద్దేసింది’ అని గొప్పగా చెప్పుకుంటోంది. టీచరమ్మ నన్ను పిలిపించి ‘అలాంటివి చెప్పుకోకూడదని నేర్పండి’ అంది. చెప్పుకుంటే తప్పేముందో నాకు తెలియలేదు గానీ సరే అన్నాను.

మీ బావగారు ఫోన్ చేశారు. అంతా చెప్పారు. రేవులోకి దారి చూపడానికి ఓడెక్కిన ఆ పైలట్ మహానుభావుడు రేడియోలో వాళ్ళవాళ్ళతో కబుర్లాడుకుంటూ మలుపు సంగతి మర్చిపోయాడటగా! ఊరి కాలవ వాడిది, నీళ్ళు వాడివి, వాడే మర్చిపోతే ఇక చెప్పేదేముంది? ఈయన ఎంత నొచ్చుకుంటున్నారో గొంతులోనే తెలిసింది. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదు ఓడ మీద.

నువ్వేమో సరిగ్గా అప్పుడే వెళ్ళి ‘టీ తెమ్మంటారా సర్’ అని అడిగావట! అది వినగానే నాకు నవ్వాగలేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు. పోనీలే, నీ గొంతు బ్రిడ్జి మీద మాటలు పట్టే మిషన్లో రికార్డయిందట, ఏం మాట్లాడావో అడుగుతారట. అడిగితే టీ అని చెప్పెయ్యి, సిగ్గుపడకు. లోకంలో టీ అడగనివాళ్ళెవరు?

బావగారికి వేళకి తిండి అందుతోందో లేదో చూస్తూండు. ఆయన నోరు తెరిచి అడగరు.

అక్క


ఓడ, లైఫ్‌బోటు కింది మెట్లు
గురువారం

అక్కా,

ఈ ఉత్తరం బావ సంచీలోంచి రావడం లేదు. మంచినీళ్ళ పడవతను తీసుకెళ్ళి పోస్టు చేస్తానన్నాడు. జవాబు కూడా కవరు మీద రాసిన అతని ఇంటి చిరునామాకే రాయి. ఇంట్లో దొంగతనం చేసినట్టుంది నాకు ఇలా రాయడం. అయినా రాస్తున్నాను.

నేను టీ అడగలేదు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాను. ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, నీకు ఎవరో చెప్పారు, నువ్వు నమ్మావు. అంతే.

నువ్వొకసారి బ్రిడ్జి మీదకి వచ్చావు, గుర్తుందా? చుట్టూ అద్దాల గది, ‘ఇంత ఎత్తు నుంచి నడుపుతారా!’ అన్నావు. ఏ రేవు దగ్గరికొచ్చినా ఆ ఊరి పైలట్ తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కి ఆ గదిలోకి వస్తాడు. ఆ కాలవలో ఇసుకెక్కడుందో, నీళ్ళెటు లాగుతాయో అతనికి తెలుసు. మన ఓడ ఎంత మొండిదో మనకి తెలుసు. రెండు తెలివీ కలిస్తేనే ఓడ లోపలికి వెళ్తుంది. పైలట్ దారి చెబుతాడు, ఓడ మాత్రం ఎప్పుడూ కెప్టెన్‌దే. అవసరమైతే బావ అతన్ని ఆపి తనే తిప్పవచ్చు, నీ రెండో బ్రేకులాగ. ‘బ్రిడ్జి మీద అందరూ ఒక జట్టు’ అని పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు కొట్టేశాను.

మా ఓడలో జరిగేది ఇది. పైలట్ రాగానే స్టీవార్డు టీ తెస్తాడు. కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెడతారు. బావ ‘ఇక ఓడ మీదండీ’ అని నవ్వుతారు. ఆ తర్వాత పైలట్ ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్ళం పెళ్ళికొచ్చిన చుట్టాల్లా నిలబడతాం. బావకి ఇంకో పద్ధతుంది. నేను చేరిన రోజే చెప్పారు: ‘పైలట్ ఉండగా నీకేదైనా అనుమానం వస్తే నా చెవిలో, మన భాషలో చెప్పు. మన ఓడలో మనకే అనుమానాలున్నాయని పరాయివాడికి తెలియకూడదు.’ ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను అప్పుడు. ఇంకో మాట కూడా అన్నారు, ‘బ్రిడ్జి మీద బావా లేడు, మరదలూ లేదు.’

ఆ రోజు నీళ్ళ మీద తేలే గుర్తు, ఆకుపచ్చ బోయా, పక్కకి రాగానే తిప్పడం మొదలుపెట్టాలి. బోయా వచ్చింది. వెనక్కి పోయింది. ఓడ అలాగే నిటారుగా పోతోంది. పైలట్ రేడియోలో టగ్గువాళ్ళతో వాళ్ళ భాషలో అరుస్తున్నాడు. తాడేదో చిక్కుపడిందని తర్వాత తెలిసింది. చుక్కాని పట్టుకున్నతను చెప్పింది చేసేవాడే, చెప్పకపోతే చెయ్యడు. నేను బావ పక్కకి వెళ్ళి మన భాషలో మెల్లగా అన్నాను: ‘సర్, బోయా దాటేశాం, ఇంకా తిప్పలేదు.’

బావ నా వైపు చూడలేదు. అరచెయ్యి ఎత్తారు. ఆగు, ఆయన మాట్లాడుతున్నారుగా అన్నట్టు. నీకు తెలుసు ఆ చెయ్యి.

పైలట్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. అతనికి అర్థమయ్యే భాష నాకు వచ్చు. ఒక్క మాట చాలు. అనలేదక్కా. కుక్కిన పేనులా మళ్ళీ రాడార్ దగ్గరికెళ్ళి నిలబడ్డాను. పైలట్ తల తిప్పి చూసి కేక పెట్టేసరికే ఆలస్యమైపోయింది.

టీ కప్పులంటావా, అవి అప్పటికే బల్ల మీదున్నాయి. పైలట్ కప్పు నిండుగా చల్లారిపోయి ఉంది. ఇక ఎవరైనా టీ ఎందుకు అడుగుతారు?

పొట్టి


ఇల్లు
మంగళవారం

చెల్లాయ్,

నువ్వు రాసింది నేను చదవలేదనుకో. చదివి చింపేశాను.

ఇప్పుడు ఆ మాట పట్టుకెళ్ళి విచారణలో చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ఓడ నడిపే లైసెన్సు, ఆయన టికెట్టు, లాగేసుకుంటారు. ఓడ తప్ప ఇంకో బతుకు తెలియని మనిషి. ఇంట్లో కూర్చోబెడితే గోడలు చూస్తూ పిచ్చెక్కిపోతారు, ఆయనతో పాటు మేమూ. ఆడపిల్లవని నిన్ను ఏ కంపెనీ తీసుకోకపోతే ఎవరు మాట సాయం చేసి చేర్పించారు? ‘నా మరదలు, నా ఓడలోనే ఉంటుంది, బాధ్యత నాది’ అన్నదెవరు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఆ పైలట్ తప్పు చేశాడు, అవునా కాదా? మలుపు తిప్పాల్సింది వాడే, అవునా కాదా? మరి నువ్వొక మాట అన్నా, టీ అన్నా, వాడికి పడేది ఎలాగూ పడుతుంది. ఊరూ పేరూ తెలియనివాడికోసం అక్క కాపురం మీద నిప్పులు పోస్తావా?

మొన్న ఫోన్లో ఆయనే అడిగారు, ‘దానికి నువ్వొక మాట రాయి, నీ మాట వింటుంది’ అని. ఇన్నేళ్ళలో నన్ను ఆయన అడిగిన సాయం ఇదొక్కటే. నిజం చెప్తున్నా, అడిగినందుకు సంతోషం వేసింది నాకు.

ఇంకొకటి. ‘నీకు తెలుసు ఆ చెయ్యి’ అని రాశావు. అది మా ఇంటి సంగతి. దాన్ని ఓడ సంగతిలోకి లాగకు.

అక్క


ఓడ, మెట్లు
శనివారం

అక్కా,

నువ్వు తిట్టిన ఉత్తరం చింపలేదు. దిండు కింద ఉంది.

కంపెనీ లాయరు వచ్చాడు. రికార్డులో నా గొంతుందట గానీ రేడియో గోలలో మాటలు తెలియడం లేదట. మన భాష వచ్చినవాణ్ణి పిలిపించి వినిపిస్తే ‘సర్’ అన్న ఒక్క ముక్కే అందిందట. అందుకని వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం విచారణలో నన్నే అడుగుతారు. లాయరు నా చెయ్యి తట్టి, ‘చిన్న మాట. టీ. ఆ రోజుతో పని అయిపోతుంది, ఓడ వదిలేస్తారు, అందరూ ఇళ్ళకెళ్తారు’ అన్నాడు. పక్కన బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. లాయరు వెళ్ళాక, ఓడెక్కిన ఇన్నాళ్ళలో మొదటిసారి ‘ఏం మరదలా, తిన్నావా?’ అన్నారు.  ఆ పిలుపు కోసం ఎన్నిసార్లు ఎదురుచూశానో, అప్పుడు రాలేదు.

ఓడంతటికీ ఆ టీ గురించి తెలిసిపోయింది. వంటాయన తన దగ్గరున్న ఆఖరి గుడ్డు నా పళ్ళెంలో పెట్టి, ‘అమ్మా, మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. ఒక్క మాటేగా’ అన్నాడు. ఇంతకంటే ఎవరైనా బెదిరించినా బాగుండేది. ఈ గుడ్డుని ఏం చేసుకోను?

చీఫ్ ఆఫీసర్ ఉన్నాడు చూడు, మేమందరం వేదాంతి అంటాం, ఆయన్ని అడిగాను. ఆ వేళ ఆయన ముందు భాగంలో లంగరు దగ్గరున్నాడు, బ్రిడ్జి మీద లేడు. ‘పైలట్ అతిథిలాంటివాడమ్మా, అతను తెచ్చిన కూరలో ఉప్పు తగ్గిందని మనం అనం, మన కూరలో తగ్గిందని అతనూ అనడు. అలా అందరం చప్పిడి తిని లేస్తాం’ అన్నాడు. ‘మరి మీరైతే ఏం చేసేవారు?’ అన్నాను. ‘నేనైతే చెయ్యెత్తగానే ఊరుకునేవాణ్ణి. ఊరుకునే ఇంతవాణ్ణయ్యాను’ అన్నాడు. నిజం చెప్పాడు పాపం, సిగ్గుపడుతూనే.

నిన్న విచారణవాళ్ళు పైలట్‌ని వెంటబెట్టుకుని వచ్చారు, ఆ రోజు ఎవరెక్కడ నిలబడ్డారో చూడటానికి. లైసెన్సు ఆపేశారట, మామూలు చొక్కాలో వచ్చాడు. మాసిన గడ్డం. వాళ్ళు కొలతలు తీసుకుంటుంటే నా పక్కకి వచ్చాడు.

‘మీ గొంతు విన్నాను ఆ రోజు,’ అన్నాడు. ‘అద్దంలో మీ కెప్టెన్ చెయ్యెత్తడం కూడా కనపడింది. మీలో మీరేదో మాట్లాడుకుంటున్నారనుకున్నాను. ఏ ఓడెక్కినా అంతే, వాళ్ళ భాషలో గుసగుసలాడతారు, నేను చెవులు మూసుకుంటాను. నేనూ టగ్గుతో ఏం మాట్లాడుతున్నానో మీకెవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. గదిలో నలుగురం ఉన్నాం. నేను మాత్రం ఒక్కణ్ణే ఉన్నాను.’

తర్వాత మెల్లగా, ‘ఏమన్నారు మీరు?’ అన్నాడు.

టీ అన్న మాట నోటిదాకా వచ్చింది అక్కా. ఆ పూట కూడా స్టీవార్డు కప్పులు పెట్టి వెళ్ళాడు. పైలట్ వాటి వైపు చూసి, నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.  ఆసుపత్రిలో ఉన్న టగ్గు మనిషిని రోజూ చూసి వస్తున్నాడట. ఆ కాలు మళ్ళీ ముందులా పనిచేయదన్నారట.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. డెక్కు మీద తిరిగి తిరిగి ఎక్కడికెళ్ళినా ఓడ అంచు కమ్మీ దగ్గరికే వస్తాను. అవతల వీధి. పళ్ళ దుకాణం ఆవిడ ఇప్పుడు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపుతోంది. నేనెవరో ఆవిడకి తెలిస్తే ఊపుతుందా?

నాకు ఆలోచించే ఓపిక అయిపోయింది. నువ్వు టీ అనమంటే టీ అంటాను. నువ్వేం చెబితే అది. ఆ బుధవారం లోపల ఒక్క ముక్క రాయి.

పొట్టి


కారులో, రెండు క్లాసుల మధ్య
సోమవారం

పొట్టీ,

ఇది మామూలు పోస్టులో అందదు. మన వీధిలో డాక్టరమ్మ ఇవాళ అటే విమానంలో వస్తోంది, చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నాను, నీళ్ళ పడవతనికే ఇస్తుంది.

నా కారులో ఒక రూలుంది. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా, కనపడింది పైకి అనాలి. ‘సైకిలు’ అని ఒకరనాలి, ‘చూశాను’ అని ఇంకొకరనాలి. చూశానని అనకపోతే మళ్ళీ అనాలి. నేర్చుకునే అమ్మాయిలు మొదట్లో నవ్వుతారు, తర్వాత అలవాటైపోతుంది. ఇది నాకెవరు నేర్పారనుకున్నావు? మీ బావగారే. పెళ్ళయిన కొత్తలో ఓడలో ఇలా చేస్తామని చెప్పి స్కూటరు మీద నాతో ఆడించారు. ‘గేదె!’ అని నేను అరవడం, ‘చూశాను!’ అని ఆయన అరవడం. దారిలో జనం మమ్మల్ని పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు. ఎంత బాగుండేదో తెలుసా?

అది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. కెప్టెన్ అయ్యాక అనుకుంటాను.

నిరుడు ఓ పెళ్ళి నుంచి వస్తున్నప్పుడు మా కారు కాలవలో దిగింది, గుర్తుందా? నేను నడిపానని అందరికీ చెప్పాం. ‘డ్రైవింగ్ పంతులమ్మే కాలవలో పెట్టింది’ అని వీధంతా నవ్వింది, నువ్వు కూడా. నేనూ నవ్వాను. నడిపింది ఆయన. కాలవ పక్కన రోడ్డు తవ్వేసి ఉంది, నాకు ముందే కనపడింది. ‘ఏమండీ, ముందు గుంట’ అన్నాను. చెయ్యెత్తారు. నోరు మూసుకున్నాను. గుంట ముందుకొస్తుంటే చూస్తూ కూర్చున్నాను, పిల్ల వెనక సీట్లో నిద్రపోతోంది. ఆ తర్వాత ‘నువ్వు నడిపావని చెబుదాం, నాకు బాగుండదు’ అంటే సరేనన్నాను. ఊరందరికీ నేర్పేదాన్ని, నా చేత అలా అనిపించారు, నేను అన్నాను.

నీ ఉత్తరం చదివాక నాకు ఆ పైలట్ మీద కోపం రాలేదు. అదీ నా బాధ.

నిన్న ఫోన్ వస్తే అడిగాను. ‘అదేమంది ఆ రోజు?’ అన్నాను. ‘చెప్పానుగా, టీ’ అన్నారు. ‘టీ అప్పటికే ఇచ్చేశారటగా’ అన్నాను.  ఫోన్లో చెయ్యి కనపడదు. అయినా ఎత్తారని నాకు తెలిసింది, ఎందుకంటే నేను నోరు మూసుకున్నాను.

నేను చెప్పిందే చేస్తానన్నావు. నా నెత్తిన ఎందుకు పెడతావు అని నాలుగు తిడదామనుకున్నాను. కానీ పెట్టు. నేను మొయ్యగలను. చెప్పు పొట్టీ. జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వు ఆ పైలట్‌తో అనకుండా ఊరుకున్నది కూడా చెప్పు, అది దాచుకుని ఆయన్ని మాత్రం చెప్పకు. ఆయన ఇంటికొచ్చాక నా సంగతి నేను చూసుకుంటాను. భయంగా ఉంది నాకు, లేదని అనను. అయినా చెప్పు.

వచ్చేసింది నా క్లాసు అమ్మాయి.

అక్క


ఓడ, నా గది
శుక్రవారం

అక్కా,

చెప్పాను.

రేవు ఆఫీసు మేడ మీద పొడుగాటి గది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఫ్యాను శబ్దం. బావ తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చారు. ఆయన పక్క కుర్చీయే నాది. పైలట్ ఎదురుగా. విచారణ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ‘మీరేమన్నారో మీ మాటల్లో చెప్పండి’ అన్నాడు.

మొదట మన భాషలో అన్నాను, ఆ రోజు అన్నట్టే. తర్వాత అక్కడందరికీ అర్థమయ్యేలా అన్నాను. ‘బోయా దాటేశాం, ఇంకా తిప్పలేదు.’ లాయరు కలం కింద పడింది. నేను ఆగలేదు. ‘పైలట్‌కి చెప్పగలిగి ఉండి చెప్పలేదు, అది నా తప్పు,’ అన్నాను. ‘కెప్టెన్‌కే చెప్పాలన్నది మా ఓడ పద్ధతి. కెప్టెన్‌కి చెప్పినప్పుడు’ అని అంటుండగానే నా పక్కన బావ అరచెయ్యి పైకి లేచింది.

కావాలని కాదక్కా. ఆయనకే తెలియదు. అలవాటు. నా మాట అలాగే ఆగిపోయింది, అదీ అలవాటే. గదిలో అందరూ ఆ చేతినే చూస్తున్నారు. పైలట్ కూడా. అధికారి మెల్లగా, ‘కెప్టెన్, చెయ్యెందుకు ఎత్తారు?’ అని అడిగాడు.

బావ తన చెయ్యి వైపు చూసుకున్నారు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకున్నారు. దించి బల్ల మీద పెట్టి, ‘ఆ రోజు కూడా ఇలాగే ఎత్తాను,’ అన్నారు. ‘ఆమె టీ అడగలేదు. సరైన మాటే చెప్పింది. నేను విన్నాను కూడా. పైలట్ ముందు కంగారు పడినట్టు కనపడటం ఇష్టం లేక ఆపాను.’

ఆయన టికెట్టు ఏడాది పాటు ఆపారు. పైలట్‌కీ శిక్ష పడింది గానీ ఒక్కడి నెత్తినే పడలేదు. నాకు రాతపూర్వకంగా చీవాట్లు. ఓడని వదల్లేదు. ఇప్పుడు తప్పు ఇద్దరిదీ అయ్యేసరికి కంపెనీవాళ్ళూ రేవువాళ్ళూ లాయర్లని పెట్టుకుని మొదటికొచ్చారు. ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. వంటాయన నా పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు, ముఖం చూడడు. అతని తప్పు లేదు. బిడ్డ పుట్టే వేళకి అతను ఇక్కడే ఉంటాడు, నా వల్ల. భోజనాల గదిలో నేను కూర్చుంటే మిగతావాళ్ళు తినేసి లేస్తారు. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు, అయినా ముద్ద దిగదు.

పైలట్ వెళ్తూ వెళ్తూ తల ఊపాడు. అంతే, థాంక్స్ లాంటివేం లేవు.

బావ ఇవాళ పొద్దున దిగిపోయారు. కొత్త కెప్టెన్ వచ్చేదాకా వేదాంతి చూసుకుంటాడు. పడవలోకి దిగే ముందు బావ నా దగ్గర ఆగారు.  ‘ఎడమవైపు రాడార్ తెర మసకబారుతోంది,’ అన్నారు. ‘కొత్తాయనకి చెప్పు.’ సరే సర్ అన్నాను. బావా అని ఉండాల్సింది. పడవ ఆ వీధి చివరికి వెళ్ళి ఆగేదాకా కమ్మీ దగ్గరే నిలబడ్డాను. ఆయన పళ్ళ దుకాణం ముందు తడి మీంచి నడిచారు. ఆవిడ చీపురెత్తి తిట్టింది.

నీ దగ్గరికే వస్తున్నారక్కా. నాకు నీ గురించి భయంగా ఉంది.

పొట్టి


ఇల్లు
ఆదివారం

పొట్టీ,

వచ్చారు. బుధవారం దిగారు, నాలుగు రోజులైంది. నాతో మాట్లాడలేదు. పిల్లతో కొంచెం మాట్లాడుతున్నారు. మిగతా వేళంతా ముందు గదిలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటున్నారు. టీ ఇస్తే తాగుతున్నారు. తాగుతున్నప్పుడు ఇద్దరం ఇంకెటో చూస్తున్నాం.

నేను నీకు ఏం రాశానో ఆయనకి తెలుసు. వచ్చిన రోజే చెప్పేశాను, చెప్పమన్నది నేనేనని. కాలవలో కారు పెట్టింది ఎవరో ఇకమీద ఎవరడిగినా నిజమే చెబుతానని కూడా అన్నాను.  లేచి వెళ్ళి స్నానం చేశారు. నేను వంటింట్లో గట్టిగా ఏడ్చాను.

ఇవాళ పిల్ల మందులకి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. తాళాలు ఆయన తీయలేదు, నేనే తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు, కాళ్ళెక్కడ పెట్టాలో తెలియలేదు. అది నా క్లాసు కారు, ఆయన కాలి కింద రెండో బ్రేకుంది. చూసి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

బజారు మలుపు దగ్గర ఆయన చెయ్యి లేచింది.  ఆ చెయ్యి ఆగకుండా ముందుకెళ్ళి అద్దం అవతలికి చూపించింది.

‘సైకిలు,’ అన్నారు.

‘చూశాను,’ అన్నాను.

 నువ్వు వేళకి తిను. ఎవరూ నీతో కూర్చోకపోయినా కూర్చుని తిను.

అక్క